పాత మారుతి జిప్సీ: బాగుచేయడం, మట్టిదారుల్లో నడపడం – తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జిప్సీ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. అన్నింటికీ ఆధారం ఒక్కటే. ఈ బండి దాదాపు 985 కిలోలే ఉంటుంది. బురదలో, ఇసుకలో, వాగులో అది నెగ్గుకొచ్చేది ఆ తేలికదనం వల్లే. ఏ మార్పు చేయించినా ముందు దాని బరువెంతో అడగండి.

జిప్సీల్లో ఏది తీసుకోవాలి?

1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ కార్బురేటర్ ఇంజన్, నాలుగు గేర్లు. 1993లో ఇరుసుల వెడల్పు పెంచారు. అంతకు ముందున్న సన్నబండి పక్కవాలులో తొందరగా ఒరుగుతుంది, కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది వద్దు. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కు 1298 సీసీ ఇంజన్, ఐదు గేర్లు, 60 హార్స్‌పవర్. 2000 నుంచి 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐతో (కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి) అది 80 హార్స్‌పవర్ అయింది. 2019 నాటికి మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగిపోయింది.

రోడ్డు మీదా, మట్టిదారిలోనూ వాడాలంటే 2000 తర్వాతి బండే మేలు. నిటారు ఎత్తు మీద కార్బురేటర్‌లోని పెట్రోలు ఒక పక్కకు ఒరిగి ఇంజన్ ఆగిపోవచ్చు. ఎంపీఎఫ్ఐలో ఆ బెడద లేదు. అయితే 80 హార్స్‌పవర్ ఇంజన్‌కు లాగుడు పైన ఉంటుంది. దాని 103 న్యూటన్ మీటర్ల టార్క్ 4500 ఆర్‌పీఎం దగ్గర గానీ పూర్తిగా రాదు. డీజిల్ జీపు అలవాటున్నవాళ్లు ఇంజన్‌ను తక్కువ వేగంలో గుంజించి, జిప్సీకి లాగుడు లేదనుకుంటారు. ఒక గేరు తగ్గించి చూడండి.

కొనే ముందు ఎక్కడెక్కడ చూడాలి?

ఇంజన్ చూడటం చివరి పని. దాన్ని మళ్లీ కట్టించుకోవచ్చు. తుప్పు పట్టిన ఛాసిస్‌ను నమ్మకంగా బాగుచేసేవాళ్లు మాత్రం అరుదు. బండిని ర్యాంపు ఎక్కించి, చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పొండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. వెనక అడ్డకమ్మీ, వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్లు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే మౌంట్లు ముఖ్యం. మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ల కింద నేల చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పెరిగిన బండి అయితే ఇంకాస్త అనుమానంగా చూడాలి. ఛాసిస్ మీద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే, గీకి చూడటానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

తర్వాత నడిపి చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతుంటే ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటే ఆ చక్రం దగ్గరి సీవీ జాయింట్ (మలుపులోనూ చక్రాన్ని తిప్పే కీలు) అరిగినట్టు. క్లచ్ వదిలినప్పుడు సీటు కింద దబ్ మంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ లాగుడును ముందు వెనక ఇరుసులకు పంచే పెట్టె) రబ్బరు మౌంట్లు పోయినట్టు. వెనక చక్రాల లోపలివైపు నూనె చారలుంటే ఇరుసు సీలు కారి బ్రేకు డ్రమ్ములోకి చేరుతోందని అర్థం. వీటిలో ఏదీ బండిని వద్దనుకునేంతటి లోపం కాదు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం సరిపోతుంది.

ఫోర్ వీల్ పడుతుందో లేదో మట్టి నేల మీద చూడండి. లివర్ కదిలినంత మాత్రాన సరిపోదు. ముందు చక్రాల మధ్యలోని హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేసి, 4ఎల్ (నాలుగు చక్రాలకూ లాగుడిచ్చే తక్కువ వేగపు గేరు) వేసి, నాలుగు చక్రాలూ లాగుతున్నాయో లేదో పక్కన ఇంకొకరిని నిలబెట్టి గమనించండి.

సైన్యం వేలంలో అమ్మిన జిప్సీ కొనవచ్చా?

కొనవచ్చు, కానీ కాగితాలు చేతికొచ్చాకే డబ్బివ్వండి. వేలం పత్రం, విడుదల ఉత్తర్వు, మీ రాష్ట్రంలో పౌర రిజిస్ట్రేషన్ అయిన ఆర్సీ, మూడూ ఉండాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్లను మీరే చదివి ఆర్సీతో పోల్చుకోండి. రిజిస్ట్రేషన్ "త్వరలో అయిపోతుంది" అని చెప్పే బండిని వదిలేయండి.

చేతిలో కొంతే డబ్బుంది. మొదట దేనికి పెట్టాలి?

బ్రేకులు, స్టీరింగ్, రబ్బరు బుష్‌లు, సీళ్లు, నూనెలు. ఆ తర్వాత టైర్లు. ఆ తర్వాత ముందూ వెనకా ఛాసిస్‌కు బిగించిన గట్టి హుక్కులు. ఇంతవరకూ చేసిన జిప్సీ మన దగ్గరి మట్టిదారుల్లో చాలామటుకు పోగలదు. ఇనుప బంపరు, పైన క్యారియరు, లైట్ల వరుస, వించ్ (బండిని తాడుతో లాగే మోటారు) ముందే కొని, అరిగిన కింగ్ పిన్‌తో (ముందు చక్రం మలుపు తిరిగే పిన్ను) తిరిగే బండ్లు ఎన్నో కనిపిస్తాయి. ఆ వరుసను తిరగేయండి.

టాపు గుడ్డదైతే లోపల రోల్ కేజ్ (పల్టీ కొడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం) తప్పనిసరి అనుకోండి. వెనక పక్కబల్లల మీద మనుషుల్ని కూర్చోబెట్టి వాలుల్లోకి తీసుకుపోవద్దు.

50–60 వేగం దాటగానే స్టీరింగ్ విపరీతంగా వణుకుతోంది. ఎందుకు?

పాత జిప్సీలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణచే షాక్ అబ్జార్బర్) మార్చేసి పని అయిపోయిందనుకుంటారు. డ్యాంపర్ వణుకును కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందే గానీ కారణాన్ని తీయదు.

ఈ వరుసలో చూడండి. మొదట చక్రాల బ్యాలెన్సింగ్, టైరు ఎక్కడైనా ఉబ్బిందేమో. తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే హబ్ బేరింగులో గానీ కింగ్ పిన్ బేరింగులో గానీ వదులుంది. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకున్నాక మళ్లీ ఊపండి. ఆట మాయమైతే హబ్ బేరింగు, అలాగే ఉంటే కింగ్ పిన్. తర్వాత బండిని నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే కింద నుంచి టై రాడ్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే కడ్డీలు) చివర్లు గమనించండి. ఆఖరున కమాన్ కట్టల బుష్‌లు, షాకిల్ (కట్ట కొసను ఛాసిస్‌కు తగిలించే లింకు) పిన్‌లు, స్టీరింగ్ బాక్స్‌ను ఛాసిస్‌కు పట్టే బోల్టులు.

కింగ్ పిన్ బేరింగులు మార్చేటప్పుడు పై, కింది బేరింగులూ వాటి కప్పులూ కలిపి రెండు పక్కలా మార్చాలి. బిగుతును షిమ్‌లతో (పలుచని రేకులతో) సరిచేస్తారు. షిమ్ తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. పెద్ద ఆయిల్ సీలు బిగించకముందే, టై రాడ్ చివర పట్టే రంధ్రానికి స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగితే 1 నుంచి 1.8 కిలోల దగ్గర నకిల్ (ముందు చక్రాన్ని మోస్తూ తిరిగే భాగం) కదలడం మొదలవ్వాలి. ఆ తక్కెడ లేకుండా "చేతి లెక్క"తో బిగించిన పని నాలుగు నెలల్లో మళ్లీ వదులవుతుంది, లేదా స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను తిరిగిరాదు.

ఏ నూనె ఎక్కడ, ఎంత?

గేర్ బాక్స్‌లో సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసులో 0.8, ముందు డిఫరెన్షియల్‌లో 2, వెనకదానిలో 1.5 లీటర్లు పడుతుంది. లీటర్ల లెక్క కొనుక్కోవడానికే. పోసేటప్పుడు బండి సమతలంగా ఉండాలి, పక్కనున్న ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి నూనె కారడం మొదలవగానే ఆపాలి. డిఫరెన్షియల్స్‌కు జీఎల్-5 తరగతి 80డబ్ల్యూ90, గేర్ బాక్స్‌కు జీఎల్-4. ఒకే డబ్బా తెచ్చి అన్నిటిలో పోసేయకండి. కొన్ని జీఎల్-5 నూనెల్లోని రసాయనం గేర్ బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది.

డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పండి. నూనె అంతా తీసేశాక ఫిల్లర్ రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

ఏ సైజు టైర్లు వేయాలి?

జిప్సీ కింగ్‌కు కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 అవుతుంది, బండి కింద ఖాళీ 18 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 235/75 ఆర్15 అయితే 733, ఖాళీ 33 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ గుడ్డును పైకి లేపేది టైరు ఒక్కటే, లిఫ్ట్ (కట్టల దగ్గర బండిని ఎత్తు చేయించడం) కాదు. అందుకే టైరు డబ్బు వృథా పోదు.

పెద్ద టైరుకు ఖరీదు వేరే రూపంలో కట్టాలి. 235 వేస్తే గేర్లు దాదాపు 10 శాతం బరువెక్కుతాయి. స్పీడోమీటర్ 80 చూపిస్తే నిజంగా 88లో పోతుంటారు. బ్రేకు పట్టు తగ్గుతుంది, పవర్ స్టీరింగ్ లేని బండి చేతులకు ఇంకా బరువవుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కమాన్‌కో మడ్‌గార్డుకో తగలొచ్చు. పనికీ పట్టణానికీ ఒకే బండి అయితే 215/75 ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైరు చాలు. 31 అంగుళాల టైర్లు వేయాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు కూడా మార్చాల్సిందే. లేకపోతే ఐదో గేరు అలంకారానికే మిగులుతుంది.

లిఫ్ట్ ఎంత చేయించాలి?

ముప్పై ఏళ్ల కట్టలు కుంగిపోయి ఉంటాయి. కొత్త కట్టలు వేస్తే పోయిన ఎత్తు ఎలాగూ తిరిగొస్తుంది. దాని మీద ఒకటిన్నర, రెండు అంగుళాలు మించొద్దు. పాత పట్టీలనే కొట్టి వంపు పెట్టిస్తే కొద్ది నెలల్లో మళ్లీ కుంగుతాయి. ఆ ఇనుములో చేవ అయిపోయింది.

పొడవు షాకిళ్లు చవక దారి. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే. పైగా జిప్సీ ముందు కట్టలకు షాకిల్ ముందు కొసన ఉంటుంది. అది పొడవైతే ఇరుసు ముందుకు వాలి క్యాస్టర్ కోణం (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, నేరుగా పోయే బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఇరుసు కింద ఉండే కట్టలను పైకి మార్చే పద్ధతిలో ఐదంగుళాల దాకా లేస్తుంది. దానికి కొత్త స్ప్రింగ్ ప్యాడ్ల వెల్డింగు, డ్రాగ్ లింక్ మార్పు, పొడవు బ్రేకు పైపులు, షాఫ్టుల కోణం సరిచేయడం, ఇవన్నీ కావాలి. మామూలు వాడకానికి అది వద్దనే చెబుతాం.

ఇరుసును కట్టలకు పట్టే యూ బోల్టులు విప్పితే కొత్తవే వేయండి. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి.

ఈ మార్పులు చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ మార్పుకు రవాణా శాఖ ముందస్తు అనుమతి తప్పదు. ఛాసిస్ కోయడం, ముందు ఇనుప గార్డులు రోడ్డు మీద ఇబ్బంది తెచ్చిపెడతాయి, ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ అడ్డుపడతాయి. పెట్రోలు బండికి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తనిఖీకి బండి తన అసలు రూపంలో పోవడమే సుఖం.

ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పాత బండికి ఇబ్బందా?

కార్బురేటర్ బండికి ఉంది. 20 శాతం ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, ట్యాంకులో నీటిని పట్టి తుప్పు లేపుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు వేసి, 40 లీటర్ల ట్యాంకును దించి కడిగించండి. మొదటి రెండు నెలలు ఫిల్టర్ తరచూ మార్చండి. బండి వారాల తరబడి కదలకపోతే ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి.

ఎండాకాలంలో 4ఎల్‌లో పోతుంటే వేడెక్కుతోంది.

మెల్లగా పోయేటప్పుడు గాలిని లాగాల్సింది ఫ్యానే. రేడియేటర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్‌ను మెకానిక్‌లు తీసి పక్కన పడేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాను అక్కడి గాలినే తిప్పుతుంది. ముందు దాన్ని వెతికి బిగించండి. తర్వాత రేడియేటర్ మూత, బెల్టు బిగుతు, థర్మోస్టాట్ చూడండి. థర్మోస్టాట్ పీకేసి నడపడం పరిష్కారం కాదు. ముల్లు ఎర్రగీత వైపు పోతే వెంటనే ఆపండి. అల్యూమినియం హెడ్ ఒక్కసారి వంగితే ఖర్చు పెద్దది.

4హెచ్ (నాలుగు చక్రాలకూ లాగుడు, మామూలు వేగం), 4ఎల్ ఎప్పుడు వేయాలి?

తారు, సిమెంటు రోడ్డు మీద ఎప్పుడూ వద్దు. జిప్సీకి మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు ఇరుసు వెనకదానికంటే ఎక్కువ దూరం తిరుగుతుంది. మట్టి మీదైతే చక్రాలు కొద్దిగా జారి ఆ తేడాను తీర్చుకుంటాయి. గట్టి రోడ్డు మీద జారలేక షాఫ్టులు, గేర్లు మెలితిరుగుతాయి. లివర్ ఇరుక్కుని రాకపోతే రెండు మీటర్లు రివర్స్ పోండి, బిగువు వదులుతుంది.

దారి చెడకముందే హబ్బులు రెండూ లాక్ చేసుకోండి, కూరుకుపోయాక బురదలో కూర్చుని తిప్పడం కష్టం. ఒకటి లాక్, ఒకటి ఫ్రీగా ఎప్పుడూ ఉంచకండి. గతుకుల మట్టిదారి, జారుడు నేలకు 4హెచ్. రాళ్లు, నిటారు ఎక్కుడు దిగుడు, లోతు ఇసుకలో బయలుదేరడం, వాగు దాటడం, వీటికి 4ఎల్. 4ఎల్ వేసేముందు బండి పూర్తిగా ఆగాలి.

టైర్లలో గాలి ఎంత తగ్గించాలి?

రోడ్డు మీద 26 పీఎస్ఐ. రాళ్లదారికి 20. బురదకు, ఇసుకకు 15. లోపల ట్యూబు ఉన్న టైరు అయితే 15 కంటే దిగొద్దు. టైరు రిమ్ము మీద జారినప్పుడు ట్యూబు కూడా దానితో తిరిగి వాల్వు దగ్గర తెగిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో 12 దాకా పోవచ్చు, కానీ పదునైన మలుపులు తిప్పొద్దు. గాలి తీశాక వేగం 30 దాటకూడదు. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి, కాబట్టి బ్యాటరీతో పనిచేసే చిన్న కంప్రెసర్, గేజ్ బండిలోనే ఉండాలి.

తడిసిన నల్లరేగడిలో ఎలా నడపాలి?

వీలైతే నడపొద్దు. ఆదిలాబాద్, కర్నూలు ప్రాంతాల రేగడి తడిస్తే టైరు గాడులన్నీ నింపి చక్రాన్ని నున్నటి రోలరులా చేస్తుంది. ఆ నేల మీద లోతుగా పడిన చాళ్లు ఎండాక రైతుకు చాలాకాలం నష్టం. వాన ఆగాక రెండు మూడు ఎండలు కాయనివ్వండి.

మధ్యలో చిక్కుకుంటే 4హెచ్ రెండో గేరులో ఒకే వేగంతో, ఆగకుండా, ఉన్న చాళ్లలోనే పొండి. స్టీరింగ్ పెద్దగా తిప్పొద్దు. ఎర్రనేలలో ఇంత బాధ ఉండదు, పైపొర జారుతుంది గానీ అడుగున పట్టు దొరుకుతుంది.

వాగు ఎంత లోతు దాకా దాటవచ్చు?

మార్పులేవీ లేని జిప్సీకి చక్రం మధ్య హబ్ దాకా. అంతకు మించితే దారి మార్చుకోండి. దిగేముందు ఒకరు నడిచి చూడాలి. మోకాలి లోతు నీళ్లలో మనిషి నిలబడలేకపోతే బండి కూడా నిలబడదు. అడుగున ఒండ్రు ఉందా, గులకరాళ్లా అన్నది కర్రతో పొడిచి చూడండి.

డిఫరెన్షియల్ బ్రీదర్లను (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రాలను) ముందే ఇంజన్ గది దాకా పైపుతో పొడిగించాలి. వేడిగా ఉన్న ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీలుస్తుంది. ఈ పనికి రెండు మూడు మీటర్ల పెట్రోలు పైపు, నాలుగు క్లిప్పులు చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే మార్పు ఇంకోటి లేదు.

దిగాక 4ఎల్ రెండో గేరు, ముందు చిన్న అల లేచేంత వేగం, క్లచ్ మీద కాలు వద్దు. ఫ్యాను బెల్టుతో తిరిగేది కాబట్టి లోతులో రెక్కలు వంగి రేడియేటర్‌ను కోస్తాయి. ముందు గ్రిల్ మీదుగా టార్పాలిన్ కట్టుకుంటే నీళ్లు నేరుగా కొట్టవు. నీటిలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని బయటికి లాగి, ప్లగ్గులు విప్పి, నీళ్లు బయటికి చిమ్మేలా ఇంజన్ తిప్పాకే స్టార్ట్ చేయాలి.

ఎత్తు ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోతే?

బ్రేకు గట్టిగా పట్టండి. 4ఎల్ రివర్స్ గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఇంజన్ పట్టు మీద ఎక్కిన దారినే నేరుగా దిగండి. న్యూట్రల్‌లో జారడం, బండిని అడ్డం తిప్పబోవడం, ఈ రెండే బండ్లను పల్టీ కొట్టిస్తాయి. దిగేటప్పుడు 4ఎల్ మొదటి గేరు, కాలు క్లచ్‌కు దూరం. పక్కవాలులో బండి జారుతున్నట్టనిపిస్తే స్టీరింగ్‌ను పల్లం వైపు తిప్పండి, మెట్ట వైపు కాదు.

బొటనవేళ్లు స్టీరింగ్ చక్రం లోపల పెట్టకండి. రాయి తగిలితే చక్రం గిర్రున తిరిగి వేలు విరుగుతుంది.

ఎదురెదురు మూలల చక్రాలు రెండూ గాల్లో తిరుగుతుంటే, యాక్సిలరేటర్ కొద్దిగా ఇస్తూ బ్రేకు మెల్లగా తొక్కండి. తిరిగే చక్రానికి అడ్డు పడి కొంత లాగుడు నేల మీదున్న చక్రానికి పోతుంది.

కూరుకుపోయాం. ఇప్పుడేం చేయాలి?

చక్రాలు తిప్పడం ఆపండి. ప్రతి తిప్పుడూ ఇరుసును ఇంకా దింపుతుంది. గాలి తగ్గించండి, చక్రాల ముందు మట్టి పారతో తీయండి, డిఫరెన్షియల్ నేలకు ఆనిందేమో చూసి దాని కింద కూడా తవ్వండి. వచ్చిన దారిన వెనక్కి రావడమే సులువు.

ఇంకో బండితో లాగాలంటే తాడును ఛాసిస్ హుక్కుకే తగిలించాలి. బంపరుకు, ఇరుసుకు, టో బాల్‌కు (వెనక ట్రైలర్ తగిలించే గుండుకు) ఎప్పుడూ కట్టొద్దు. తెగిన టో బాల్ తూటాలా వచ్చి ప్రాణం తీస్తుంది. తాడును హుక్కుకు తగిలించే ఇనుప షాకిల్ (కట్టల షాకిల్ కాదు) 3.25 టన్నులది జిప్సీకి సరిపోతుంది. తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం దాకా ఎవరూ నిలబడకూడదు.

వించ్ అవసరమా?

ఇంకో బండి తోడుంటే అక్కర్లేదు. వించ్, దాని బంపరు కలిపితే బరువంతా ముందు కట్టల మీద పడి, మీరు కష్టపడి సంపాదించిన ఎత్తును తినేస్తుంది. ఒంటరిగా పోక తప్పనివాళ్లు 6,000 పౌండ్ల రకం, సింథటిక్ తాడుతో తీసుకోండి. వించ్ బలం బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లుంటే చాలు, జిప్సీకి అది 5,300 పౌండ్ల లోపే. బ్యాటరీ కొత్తదై ఉండాలి, లాగేటప్పుడు ఇంజన్ నడుస్తుండాలి.

ఎక్కడ నడపవచ్చు?

యజమాని ఒప్పుకున్న పొలం, పాత క్వారీ, పల్లెల మధ్య బండిదారులు. నల్లమల, పాపికొండలు, కవ్వాల్ లాంటి రక్షిత అడవుల్లో ప్రజలకు తెరిచిన రోడ్డు దాటి అటవీ శాఖ అనుమతి లేకుండా చక్రం దించడం నేరం. వాగును అడ్డంగా, ఉన్న రేవు దగ్గరే దాటండి. దాని పొడవునా నడపకండి.

తిరిగొచ్చాక ఏం చూడాలి?

అదే రోజు కింద నీళ్లు కొట్టి బురదంతా కడగండి, ముఖ్యంగా ఛాసిస్ లోపలి బోలు భాగాలు, రేడియేటర్ ముందు భాగం. నీటిలో దిగి ఉంటే మర్నాడు డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలితో నూనె తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే మార్చేయాలి, వారం ఆగితే బేరింగులు పోతాయి. వెనక డ్రమ్ములు విప్పి ఒండ్రు దులపండి. షాఫ్టుల గ్రీజు నిపిళ్లకు కొత్త గ్రీజు పట్టించండి. ఆఖరుగా షాఫ్టు ఫ్లాంజి బోల్టులు, యూ బోల్టులు, ట్రాన్స్‌ఫర్ కేసు మౌంట్ల బోల్టులు పానా వేసి బిగించి చూడండి.